రోక్ అనే మాట నాది

ఆ సోమవారం ప్రొఫెసర్ క్రివెత్స్ 'రోక్' చీటీల సొరుగును నా బల్ల మీంచి తీయించి, కొత్తగా చేరిన ఇర్మా బల్ల మీద పెట్టించారు. నన్నొక మాట అడగలేదు. నేను చేతిలో పెన్సిలు పట్టుకుని, సొరుగు ఉన్నచోట దుమ్ములో మిగిలిన చతురస్రాన్ని చూస్తూ కూర్చున్నాను.

మా నిఘంటు కార్యాలయం ల్యుబ్ల్యానాలో, నదిని ఆనుకుని ఉన్న ఒక పాత ఇంటి మూడో అంతస్తులో ఉండేది. మాటలు ఎక్కణ్ణించి పుట్టాయో, పక్క దేశాల్లో వాటి చుట్టాలెవరో రాయడం మా పని. 'ర' అక్షరం చీటీలు పదకొండేళ్ళుగా నేనే పోగుచేస్తూ వచ్చాను. సెలవుల్లో క్రాకోవ్ వెళ్ళినా, ప్రాగ్ వెళ్ళినా గ్రంథాలయాల్లోనే గడిపి, సంచీలో చీటీలే తెచ్చుకునేదాన్ని. అందులో రోక్ అంటే నాకు మరీ ప్రాణం. మా లిపిలో మూడక్షరాల మాట. మా భాషలో గడువు. చెక్‌వాళ్ళకీ పోలండువాళ్ళకీ ఏడాది. రష్యావాళ్ళకి నుదుటి రాత. ఈ మాట మీద ఎనిమిదిసార్లు రాసి ఎనిమిదిసార్లూ చింపేశాను. తొమ్మిదోసారి కుదురుతుందనే నమ్మకంతో ఉన్నాను.

ఆ రోజు పది గంటలకి రోక్ పింతారిచ్ కాఫీ తెచ్చాడు. చీటీల గది అతని చేతిలో ఉండేది. ఆ మాటే అతని పేరు కూడా కావడం మా ఆఫీసులో పాత హాస్యం.

"చూశావా జాల్కా, నా పేరుని ఇవాళ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోయించారు. రేపు నన్ను కూడా మోయిస్తారేమో."

"నువ్వే మోశావుగా. వద్దనకపోయావా?"

"వద్దనడానికి నేనెవర్ని? ముసలాయన మోయమన్నాడు, మోశాను. ఆ అమ్మాయికి ఐదు భాషలొచ్చట."

"నాకు ఆరొచ్చు."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. తొమ్మిదేళ్ళుగా రోక్ ఒక రాగి గిన్నెలో మా ఇద్దరికే కాఫీ కాచేవాడు. అతని భార్య చనిపోయిన ఏడాది మొదలైన అలవాటది. మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. అతను కిటికీలోంచి వంతెన మీద పోయేవాళ్ళను చూసేవాడు, నేను అతన్ని చూసేదాన్ని. నాకప్పటికి నలభై ఏడేళ్ళు. ఈ కాఫీ గురించి నేను ఎవరితోనూ ఏమీ అనలేదు, ఆఖరికి నాలో నేను కూడా అనుకోలేదు. ఆ సోమవారం పళ్ళెంలో మూడు కప్పులున్నాయి. మూడోది పక్క గదికి, ఇర్మాకి వెళ్ళింది.

ఇర్మా కెర్చ్‌మార్‌ది తూర్పున హంగరీ సరిహద్దు దగ్గర ఊరు. ముప్ఫై ఒక్కేళ్ళు. గుమ్మడి గింజల నూనె వాసన వచ్చే పెద్ద సంచీతో ఆఫీసుకొచ్చేది. మాట్లాడితే ఆ ఊరి యాస. చదువంతా ఆలస్యంగా, ఉద్యోగం చేస్తూ చదువుకున్నదట. ఏం ఉద్యోగమో మొదటి వారంలోనే అందరికీ చెప్పేసింది.

"రోటర్‌డామ్‌లో నాలుగేళ్ళు స్కర్టులు కుట్టానండీ. అక్కడ స్కర్టుని రోక్ అంటారు. మా సూపర్‌వైజరమ్మ పొద్దున లేస్తే 'రోక్! రోక్!' అని ఒకటే అరుపు. నాకేమో మన మాటే వినపడేది. గడువు, గడువు అంటోందనుకుని, అయ్యో దాటిపోతోంది కాబోలని ఇంకా గబగబా కుట్టేసేదాన్ని. నెలాఖరుకి చూస్తే అందరికంటే నావే ఎక్కువ. 'ఈ పిల్లకి ఎందుకే అంత కంగారు' అని ఆవిడ బుర్ర గోక్కునేది."

కాఫీ గదిలో నవ్వులు. రోక్ కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "మరి నన్ను చూసినా అదే కంగారా?"

"మిమ్మల్ని చూస్తే స్కర్టే గుర్తొస్తోంది రోక్ గారూ. ఏం చెయ్యమంటారు!"

"నా పేరుకీ దానికీ సంబంధం లేదమ్మా. నాది ప్లేగు నుంచి కాపాడే పుణ్యపురుషుడి పేరు. మా అమ్మ మొక్కుకుని పెట్టింది."

"తెలుసండీ. ఆ స్కర్టుకీ మన గడువుకీ కూడా సంబంధం లేదు. పైకి ఒకేలా ఉంటారు, మనుషుల్లాగే. లోపల వేరే ఇంటివాళ్ళు. స్కర్టు దారం వడికే ఇళ్ళలో పుట్టి ఉంటుందంటారు. మనది నోట్లో పుట్టింది."

ఆ కాఫీ గదిలో పదకొండేళ్ళుగా నేను చెప్పిన మాటకు ఎవరూ అలా నవ్వలేదు. నాకు కథలు చెప్పడం రాదు. డచ్ స్కర్టు మీద నా దగ్గర నాలుగు చీటీలున్నాయి. వాటిలో నవ్వే విషయం ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

నవంబరు చివర్లో ఇర్మా తన రాతప్రతి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఒకసారి చూసి పెట్టండి జాల్కా గారూ. చీటీలన్నీ మీవే కదా. మీకు నచ్చకపోతే నాకు భయం."

చదివాను. పాతకాలపు 'రెక్తి' అంటే అనడం. అలా అన్న మాటే రోక్. ముందుగా అనుకున్న రోజు, అందుకే మాకు గడువయింది. ఏటేటా తిరిగొచ్చే ఆ అనుకున్న రోజే చెక్‌వాళ్ళకి ఏడాదయింది. మనిషి మీద పైవాడు అన్న మాట రష్యావాళ్ళకి రాతయింది. మేం పిల్లల్ని 'ఓత్రోక్' అంటాం కదా, దాన్నీ ఆమె వదల్లేదు. నలుగురిలో మాట్లాడే హక్కు ఇంకా రానివాడు, మాట లేనివాడు అని అర్థం చెప్పింది. ఇవన్నీ నాకు తెలిసినవే. నా చీటీల్లో ఉన్నవే. కానీ నేను ఎనిమిదిసార్లూ వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చాను, అంతే. ఆమె వాటిని నడిపించింది. బాగాలేకపోతే ఎంత బాగుండేదో!

"ఎలా ఉందండీ?" అని అడిగింది, కుర్చీ అంచు మీద కూర్చుని.

"కామాలు ఎక్కువయ్యాయి" అన్నాను.

ఆమె నోట్ చేసుకుంది. నిజంగానే నోట్ చేసుకుంది. తర్వాత అడిగింది. "ఇంకోటండీ. పూచీ ఉండేవాణ్ణి మనం 'పోరోక్' అంటాం కదా. అదీ దీన్నుంచే కదూ? పూచీ అంటే మాట ఇవ్వడమే కదా. మాటిచ్చినవాడు పోరోక్. రష్యన్‌లో ఉన్న పోరోక్ కూడా ఇందులోదే. దానికి దోషం అని అర్థం, నలుగురూ అనేది."

కాదు. ఆ సంగతి నాకు తెలుసు. మా పోరోక్ చెయ్యి నుంచి పుట్టింది. పూర్వం పూచీ ఉండేవాడు చేతిలో చెయ్యి వేసేవాడు. చేతిని పోలండువాళ్ళు ఇప్పటికీ ముక్కుతో పలుకుతారు, 'రెంక' అని. వాళ్ళ భాషలో పూచీ 'పొరెంక'. మా దగ్గర ఆ ముక్కు ధ్వని ఎన్నడో రాలిపోయి చెయ్యి 'రోకా' అయింది, పోరోక్‌లో కూడా రాలిపోయింది. అందుకే రోక్, పోరోక్ రెండూ ఒకే ఇంటివాళ్ళలా కనిపిస్తాయి. ఈ ముక్క నేను ఆరేళ్ళ క్రితం క్రాకోవ్‌లో ఒక పాత ఒప్పంద పత్రంలోంచి ఎక్కించుకున్నాను. నీలం సిరాతో, నా చేతిరాతతో, పోలిష్ పెట్టెలో ఉంది ఆ చీటీ.

"నీకలా అనిపిస్తే రాసెయ్" అన్నాను.

"ఒకసారి పోలిష్ పెట్టె చూస్తానైతే. రేపు."

ఆ సాయంత్రం నాలుగున్నరకి, ఆమె బస్సు కోసం వెళ్ళిపోయాక, నేను చీటీల గదికి వెళ్ళాను. దీపాలు వెలుగుతున్నాయి. ఎవరూ కనిపించలేదు. నా చీటీ నేను తీసుకుంటున్నాను, అందులో తప్పేముంది అనుకున్నాను. మరి ఎవరూ లేరని రెండుసార్లు ఎందుకు చూసుకున్నానో! చీటీని కోటు జేబులో పెట్టుకుని పొగమంచులో వంతెన దాటాను. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా జోటా సూప్ తాగాను.

డిసెంబరు రెండోవారంలో పరిశీలన సమావేశం. పొడుగు బల్ల చుట్టూ ఏడుగురం. చీటీల సంగతి చూడడానికి రోక్ గోడ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఇర్మా లేచి చదివింది. ప్రొఫెసర్ క్రివెత్స్‌కి చూపు మందగించి రెండేళ్ళయింది, ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. పోరోక్ దగ్గర ఒక కన్ను తెరిచారు.

"పోలిష్ ఏమంటోంది?"

"పోలిష్ పెట్టెలో చీటీ లేదండీ. రెండుసార్లు వెతికాను."

"ఊఁ. చీటీ ఉండాలే..." అన్నారు. తర్వాత ముఖం మెత్తబడింది. "మాటిచ్చినవాడు. బాగుంది. నలభై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఒక మాటను ఇంత బాగా విప్పి చెప్పినవాళ్ళు ముగ్గురో నలుగురో. అమ్మాయీ, ఇది ఉన్నదున్నట్టు అచ్చుకి పంపుదాం."

బల్ల మీద వేళ్ళతో కొట్టారు అందరూ. మా దగ్గర చప్పట్లు అలాగే. రోక్ కూడా కుర్చీ చేతి మీద కొట్టాడు.

నేను అనుకున్నది ఇది కాదు. ఆయన తప్పు పట్టుకుంటారనీ, ఆమె తడబడుతుందనీ, సొరుగు నా బల్ల మీదికి తిరిగొస్తుందనీ అనుకున్నాను. నేను తవ్విన గోతిని ఆమెకి సింహాసనం చేసి కూర్చోబెట్టారు. నేను లేచి నిలబడ్డాను. సత్యం కోసం లేచానని ఆ క్షణంలో నేనే నమ్మాను.

"అది తప్పు" అన్నాను. "పోరోక్ చెయ్యి నుంచి వచ్చింది. పోలిష్‌లో పొరెంక. ముక్కు ధ్వని ఉంది. ఆధారం కూడా ఉంది, క్రాకోవ్ పత్రం."

ఇర్మా ముఖం మెడ దాకా ఎర్రబడింది.

"మరి నేనడిగినప్పుడు రాసెయ్యమన్నారు కదండీ..." అంది నెమ్మదిగా.

"నాకప్పుడు గుర్తులేదు."

ప్రొఫెసర్ గోడ వైపు తిరిగారు. "రోక్, ఆ చీటీ మన దగ్గరుందా?"

"ఉందండీ. ఆరేళ్ళ క్రితం నేనే పెట్టెలో పెట్టాను."

"మరేది? తీసుకెళ్ళినట్టు ఎవరైనా సంతకం చేశారా?"

"లేదండీ."

"చీటీకి కాళ్ళొచ్చాయా?"

రోక్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఏదో ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నేను కాగితాలు సర్దుకుంటున్నాను. అతను లేచి నిలబడి అన్నాడు. "నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటాను ప్రొఫెసర్ గారూ. తప్పు నాదే."

"ఇరవై రెండేళ్ళలో నీ చేతిలో ఒక్క చీటీ పోలేదు."

"ఇప్పుడు పోయింది."

"ఇలా అయితే ఎలాగయ్యా? ఆ గది తాళంచెవులు ఇకనుంచి నా దగ్గరుంటాయి. పొద్దున నన్నడిగి తీసుకో."

నేను కూర్చున్నాను. కూర్చునే ఉన్నాను.

మర్నాటి నుంచి రోక్ ఎనిమిదింటికి వచ్చి, ప్రొఫెసర్ వచ్చేదాకా వరండాలో నిలబడేవాడు. ఆయన తొమ్మిదిన్నరకో పదింటికో వచ్చేవారు. చీటీల గది తలుపు పక్కన గోడకి ఆనుకుని, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని దాటుకుని నేను నా గదికి వెళ్ళాలి. మొదటి రోజు "నమస్కారం" అన్నాను, అతనూ అన్నాడు. రెండో రోజు నేను వెనక మెట్ల మీంచి వెళ్ళాను. కాఫీ ఆగిపోయింది. ఇర్మా ఆ రెండు రోజులూ తలుపు వేసుకుని రాతప్రతి సరిచేసుకుంది. ఆమె ఓడిపోయిందని నాకు సంతోషం కలగాల్సింది. మూడో రోజున ఆమె వరండాలోకి ఒక కుర్చీ తెచ్చి రోక్ పక్కన వేసింది. "కూర్చోండి, స్కర్టు గారూ" అంది. అతను చిన్నగా నవ్వాడు. తలుపు సందులోంచి చూస్తున్న నాకు గుండెల్లో భగ్గుమంది. ఆ కుర్చీ వెయ్యాలని నాకెందుకు తోచలేదు? తోచినా ఏ ముఖంతో వేస్తాను?

ఐదో రోజు నేను వరండాలో ఆగాను. కోటు జేబులోంచి చీటీ తీసి రోక్‌కి చూపించాను.

"తెలుసు" అన్నాడు. "ఆ సాయంత్రం నేను వెనక అరల దగ్గర నిచ్చెన మీదున్నాను. నువ్వు పైకి చూడలేదు."

"తెలిసీ నీ మీదెందుకేసుకున్నావ్?"

"నేనా మాట అనగానే నువ్వు లేచి కాదంటావనుకున్నాను. అంతే అనుకున్నాను జాల్కా. ఇంకేం అనుకోలేదు." టోపీని చేతుల్లో తిప్పాడు. "నువ్వు కూర్చునే ఉన్నావ్."

నేను వెళ్ళి ఇర్మా గది తలుపు తోశాను. ఆమె రొట్టెకి వెన్న రాసుకుంటోంది. చీటీ ఆమె ముందు పెట్టి మొత్తం చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె కత్తి కింద పెట్టింది. "నేను మీకేం చేశానండీ?"

"ఏం చెయ్యలేదు. నాకంటే బాగా రాశావు."

"అదా!" అని లేచింది. "నేనిక్కడికొచ్చిన రోజు నుంచి మీ చీటీలు చూసి సిగ్గుపడుతున్నాను. ఒక్కటి కూడా అలా రాయలేనని. మీరు కామాలన్నారు, కామాలన్నీ తీసేశాను. మీరు రాయమన్నారు, రాశాను. ఏడుగురి ముందు నన్ను నిలబెట్టి... ఛీ!" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటిని చూసి ఆమెకే ఇంకా కోపమొచ్చింది. "నా సంగతి వదిలెయ్యండి. అక్కడ రోక్ గారు ఐదు రోజులుగా తలుపు దగ్గర కాపలాదారులా కాచుకుని ఉన్నారు. పదండి."

"ఎక్కడికి?"

"ముసలాయన గదికి. మీరు చెప్పాల్సింది నాకు కాదు."

నా మోచెయ్యి పట్టుకుని వరండా పొడుగునా నడిపించింది. రోక్ పక్కకి తప్పుకున్నాడు. అప్పుడే వచ్చిన ప్రొఫెసర్ కోటు విప్పుకుంటున్నారు. నేను మళ్ళీ చెప్పాను. ఈసారి ఇంకా కష్టమైంది. ఆయన చీటీని ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకుని చదివారు.

"నీ చేతిరాతే" అన్నారు.

"అవునండీ."

"నన్ను నువ్వు అడిగి ఉండాల్సింది, ఆ సొరుగు ఎందుకు తీశారని. నేను చెప్పేవాణ్ణి."

"ఎందుకు తీశారు?"

"పదకొండేళ్ళయినా నువ్వు దాన్ని వదలడం లేదు కాబట్టి. గడువు అనే మాట మీద పనిచేస్తూ గడువు దాటేశావమ్మా. నాకు వయసైపోతోంది. ఈ సంపుటి అచ్చులో చూడాలని ఉంది." జేబులోంచి తాళంచెవులు తీసి తలుపు బయటికి చెయ్యి చాచారు. "రోక్, ఇవి తీసుకో. నన్ను క్షమించు."

నన్ను ఉద్యోగం లోంచి తీసెయ్యలేదు. రాసే పని మాత్రం తీసేశారు. నాలుగు నెలలు వెనక గదిలో అచ్చు ప్రూఫులు దిద్దాను. అందులో రోక్ ప్రూఫు కూడా వచ్చింది. కింద ఇర్మా పేరు. కామాలు తక్కువ పడ్డాయి, రెండు నేనే వేశాను. పోరోక్ అందులో లేదు. చలికాలమంతా పదింటికి రాగి గిన్నె చప్పుడు గోడ అవతలి నుంచి వినిపించేది. కాఫీ నా తలుపు దాకా రాలేదు. ఒకసారి వాళ్ళిద్దరూ దేనికో పగలబడి నవ్వుతుంటే పెన్సిలు ముల్లు విరిగేలా నొక్కాను. నేను చేసింది చెప్పేశాక ఆ మంట తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. పట్టుబడిందంతే.

ఏప్రిల్లో మళ్ళీ సమావేశం. ప్రూఫులు నావి కాబట్టి నన్ను బల్ల చివర కూర్చోబెట్టారు. తర్వాతి పెద్ద మాట 'రోకా', చెయ్యి. దాని చీటీలు రెండు సొరుగుల నిండా ఉన్నాయి.

"ఇర్మా, ఇదీ నువ్వే చూస్తావా?" అన్నారు ప్రొఫెసర్.

"నా వల్ల కాదండీ" అంది ఇర్మా. "ఆ ముక్కు ధ్వనుల సంగతి ఆవిడకి తెలిసినంత నాకు తెలీదు. జాల్కా గారిని రాయనివ్వండి. ఆగస్టు దాకా గడువివ్వండి, అంతకంటే ఒక్క రోజు ఇవ్వకండి. ఆవిడ చీటీలు పేర్చుకుంటూ కూర్చోకుండా నేను వెనకాల ఉంటాను."

బల్ల దగ్గర ఎవరో దగ్గారు. రోక్ గోడ దగ్గర తల వంచుకుని బూట్లు చూసుకుంటున్నాడు. ప్రొఫెసర్ నా వైపు తిరిగారు. "ఏమంటావ్?"

"రాస్తానండీ" అన్నాను.

బయటికొచ్చాక వరండాలో ఆమెను ఆపాను. "నన్ను క్షమించావా?" అని అడిగాను.

"లేదు" అంది. "ఇంకా లేదు. నిజంగా నాకా మాట రాయడం రాదు, మీకొచ్చు. అంతవరకే." సంచీ భుజానికి తగిలించుకుంది. "సోమవారం ఎనిమిదింటికి రండి. మొదటి పేజీ తేవాలి. చెత్తగా ఉన్నా సరే, తేవాలి."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. తన దగ్గర లేనిది ఎదుటివాళ్ళ దగ్గర ఉందని ఏడుగురి ముందు అంత తేలిగ్గా ఎలా అనగలిగిందా అని నేను అక్కడే నిలబడిపోయాను. అది చూసి కూడా నాకు అసూయే కలిగింది. సోమవారం ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే మొదటి పేజీ పట్టుకుని ఆమె తలుపు తట్టాను.